పాత వాచ్ విప్పే మనిషికి ముందు ఆ మాట చెప్పండి

ఇంట్లో తాతల నాటి వాచ్ ఉన్నవాళ్లు, పాత వాచ్‌లు కొనేవాళ్లు, అమ్మేవాళ్లు దయచేసి ఇది చివరిదాకా చదవండి. పెద్ద పోస్టే, కానీ చాలా రోజులుగా మనసులో పెట్టుకుని తిరుగుతున్న విషయం.

మా తాతయ్య రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ ఇండియా సైన్యంలో పనిచేశారు. అక్కడి నుంచి ఆయన తెచ్చుకున్న జ్ఞాపకం ఒక చేతి వాచ్. వెనక మూత మీద సైన్యం బాణం గుర్తు, ముందు తెల్ల డయల్, చీకట్లో పచ్చగా వెలిగే అంకెలు. చిన్నప్పుడు నాన్న దుప్పటి ముసుగేసుకుని అందులో టైమ్ చూసేవారట. నాన్న పోయాక అది చాలా ఏళ్లు బీరువాలో పడి ఉంది. నా చేతికి వచ్చేసరికి అంకెలు వెలగడం మానేసి బెల్లం పాకం రంగుకి తిరిగాయి.

ఆరేళ్ల క్రితం దాన్ని మా ఊరి బజార్లో వాచ్‌లు బాగుచేసే బాబాయ్ దగ్గరికి తీసుకెళ్లాను. అరవై దాటిన మనిషి, చేతిలో పనితనం ఉన్న మనిషి. కంటికి భూతద్దం బిగించి, మూత తీసి, గాజు తీసి, శ్రావణంతో ముళ్లు రెండూ పైకి లేపాడు. "ముళ్ల మీద రేడియం రాలిపోతోంది బాబూ. ఈ పొడి మిషన్‌లో పడితే మళ్లీ ఆగిపోతుంది, గీకేస్తాను" అన్నాడు. సరే బాబాయ్ అన్నాను. బ్లేడు ముక్కతో ముందు పెద్ద ముల్లు, తర్వాత చిన్న ముల్లు గీకాడు. గోధుమ రంగు పొడి కాగితం మీద పడింది. ఉఫ్ అని నోటితో ఊదేశాడు. పక్కనే సగం తాగిన టీ గ్లాసు ఉంది. దాన్ని ఎత్తి మిగతా టీ తాగాడు.

నేను ఎదురుగా నిలబడి చూస్తూనే ఉన్నాను.

ఆయన నోటితోనే 'రేడియం' అన్నాడు, నేను చెవులారా విన్నాను. అయినా ఇద్దరికీ ఏమీ అనిపించలేదు. ఎందుకంటే మన దగ్గర రేడియం అంటే భయపడే మాట కాదు. బండి నంబర్ ప్లేటుకి రేడియం, ఆటో వెనక పిల్లల పేర్లకి రేడియం, లారీకి రేడియం కటింగ్, పిల్లల గది సీలింగుకి రేడియం నక్షత్రాలు, పూజ గదిలో చీకట్లో వెలిగే వెంకటేశ్వరస్వామి బొమ్మ కూడా రేడియమే. స్టిక్కర్‌లో రేడియం ఉండదు, అది తన మీద పడిన హెడ్‌లైట్ వెలుగుని తిప్పి కొడుతుంది అంతే. సీలింగు మీది నక్షత్రం లైటు వేసినప్పుడు పీల్చుకున్న వెలుగుని తర్వాత వదులుతుంది. వెలిగే ప్రతిదానికీ ఆ పేరు పెట్టేసి, అసలు రేడియం కళ్ల ముందు పొడిగా రాలుతున్నా గుర్తుపట్టలేకపోయాం.

పాత వాచ్‌లో ఉన్నది మాత్రం అసలు రేడియమే. 1898లో క్యూరీ దంపతులు కనిపెట్టిన రేడియోధార్మిక పదార్థం, అంటే తనంతట తానే రేడియేషన్ వదులుతూ ఉండేది. దాని లవణాన్ని అతి కొద్దిగా జింక్ సల్ఫైడ్‌లో కలిపి, జిగురుతో పూత చేసి, అంకెల మీదా ముళ్ల మీదా పూసేవాళ్లు. రేడియం నుంచి వచ్చే ఆల్ఫా కణాలు తగిలి జింక్ సల్ఫైడ్ వెలుగుతుంది. ఏళ్ల తరబడి ఆ దెబ్బలు తిని తిని జింక్ సల్ఫైడ్ చచ్చిపోతుంది, వెలుగు ఆగిపోతుంది. రేడియానికి ఏమీ కాదు. అది సగానికి తగ్గడానికి 1,600 ఏళ్లు పడుతుంది. వెనక్కి లెక్కేస్తే మన దగ్గర విష్ణుకుండినుల కాలం. 1944లో పూసిన రేడియం ఈ 80 ఏళ్లలో నూటికి మూడున్నర వంతులు కూడా తగ్గలేదు. "ఇప్పుడు వెలగట్లేదు కదా, పవర్ పోయినట్టే" అని ఎవరైనా అంటే దయచేసి నమ్మకండి. దీని గురించి నేను విన్న మాటల్లో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే.

ఈ సంగతి చదివి తెలుసుకున్నాక నేను ఒక చిన్న గైగర్ కౌంటర్, అంటే రేడియేషన్ తగిలినప్పుడల్లా టిక్‌మని లెక్కపెట్టే పరికరం, కొన్నాను. మా హాల్లో ఊరికే ఉంచితే నిమిషానికి ఇరవై, పాతిక చూపిస్తుంది. తాతయ్య వాచ్ గాజుకి ఆనిస్తే 1,400 దాటింది. ముళ్ల మీది పూత గీకేశాక, ఒట్టి అంకెలతోనే అంత. వాచ్ తిప్పి వెనక మూతకి ఆనిస్తే బాగా తగ్గింది. మూరెడు దూరం జరిపితే దాదాపు మామూలుకి వచ్చింది. అప్పుడే డయల్‌ని లైటు కింద పెట్టి తీరిగ్గా చూశాను. బీరువాలో ఆగిపోయి ఉన్న అన్ని ఏళ్లూ ముళ్లు ఎక్కడ ఉన్నాయో అక్కడ తెల్ల డయల్ మీద రెండు గోధుమ రంగు నీడలు పడ్డాయి. ఇస్త్రీ పెట్టె మర్చిపోతే చొక్కా మీద పడే మచ్చలా. పక్కన ఉండే డయల్‌నే కాల్చిన వస్తువు అది.

సరే, చేతికి పెట్టుకోవచ్చా? అందరూ అడిగేది ఇదే కాబట్టి చెప్తాను. గాజు పగలకుండా, మూత గట్టిగా ఉన్న వాచ్‌ని అప్పుడప్పుడూ పెట్టుకుంటే టెన్షన్ పడాల్సినంత లేదు. ఆల్ఫా కణాలని ఒక కాగితం ఆపేస్తుంది, వాచ్ గాజు దాటి అవి రావు. రేడియేషన్‌లోనే ఇంకో రెండు రకాలు, బీటా, గామా, కొంత బయటికి వస్తాయి. కానీ నేల, గాలి, తిండి, ఆకాశం నుంచి ప్రతి మనిషికీ ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్ట్ (ఒంటికి చేరే రేడియేషన్‌కి కొలత) రేడియేషన్ ఎలాగూ అందుతుంది. మన భీమిలి ఇసుకలో కూడా మోనజైట్ అనే ఖనిజం ఉంది, అందులో రేడియోధార్మిక థోరియం ఉంది. అలా ఎప్పుడూ ఒంటికి తగిలే దాంతో పోలిస్తే ఒక్క వాచ్ వల్ల ఒళ్లంతటికీ చేరే డోసు తక్కువే. నేనైతే రోజూ పెట్టుకోను, పడుకునేటప్పుడు అసలు పెట్టుకోను, పిల్లల చేతికి ఇవ్వను. గాజు పగిలినా, లోపల పొడి కదులుతున్నట్టు కనిపించినా పెట్టుకోవడం పూర్తిగా మానేయాలి.

నా బాధంతా ఇక్కడే. అందరూ పెట్టుకునేవాడి చెయ్యి గురించే అడుగుతున్నారు, విప్పేవాడి గురించి ఎవరూ అడగడం లేదు.

గాజు తీశాక లెక్క మొత్తం మారిపోతుంది. కాగితం ఆపే ఆల్ఫానే, ఒంట్లోకి వెళ్తే అన్నిటికంటే చెడ్డది. శరీరం రేడియాన్ని కాల్షియం అనుకుంటుంది. తీసుకెళ్లి ఎముకలో పెట్టుకుంటుంది. అక్కడ కూర్చుని అది ఏళ్ల తరబడి లోపలి నుంచే కొడుతూ ఉంటుంది.

వందేళ్ల క్రితం అమెరికాలో జరిగింది అదే. న్యూజెర్సీలోని ఆరెంజ్ పట్నంలో యునైటెడ్ స్టేట్స్ రేడియం కార్పొరేషన్ ఫ్యాక్టరీలో అమ్మాయిలు వాచ్ డయళ్ల మీద అంకెలకి ఈ పూత వేసేవాళ్లు. ఆ పూతకి అన్‌డార్క్ అని పేరు. అంకె సన్నగా రావాలంటే కుంచె కొస సన్నగా ఉండాలి, అందుకు పెదాల మధ్య పెట్టి మొన తీయమని నేర్పారు. పెదాలకి, రంగులోకి, డయల్ మీదికి. రోజంతా అదే. సరదాకి గోళ్లకి కూడా పూసుకునేవాళ్లు. తర్వాత పళ్లు ఊడటం, దవడ ఎముక కుళ్లి ముక్కలుగా రావడం మొదలైంది. వాళ్లలో మోలీ మేజియా అనే అమ్మాయి 1922లో చనిపోతే సుఖవ్యాధి అని రాసి పంపేశారు. 1927లో శవాన్ని బయటికి తీస్తే ఎముకల్లో రేడియం ఉంది. అక్కడే పనిచేసిన గ్రేస్ ఫ్రయర్‌కి కంపెనీ మీద కేసు పట్టే లాయర్ దొరకడానికే రెండేళ్లు పట్టింది. 1928లో ఆమెకీ, మరో నలుగురికీ తలా 10,000 డాలర్లు, ఏడాదికి 600 డాలర్లు, వైద్య ఖర్చులు ఇచ్చేలా రాజీ కుదిరింది. అదే ఏడాది ఆ పూత కనిపెట్టిన సబిన్ వాన్ సొచోకీ కూడా రక్తహీనతతో పోయాడు. ఆయనకీ కారణం రేడియమే.

ఆ వాచ్‌లు కొని చేతికి పెట్టుకున్నవాళ్లకి ఇలా కాలేదు. పోయింది బల్ల దగ్గర కూర్చుని పనిచేసినవాళ్లు. ఇవాళ మన దగ్గర అదే బల్ల ముందు కూర్చున్నది వాచ్ రిపేరు చేసే మనిషి. నోట్లో కుంచె పెట్టుకోడు నిజమే, కానీ గీకుతాడు, ఊదుతాడు, అదే చేత్తో మిర్చి బజ్జీ తింటాడు.

పోయిన నెల కౌంటర్ తీసుకుని బాబాయ్ దగ్గరికి వెళ్లాను. విషయమంతా చెప్పాను. కోప్పడతాడేమో అనుకున్నాను, పడలేదు. "నలభై ఏళ్ల నుంచి ఇదే పని బాబూ, ఇన్నాళ్లూ ఒక్కడూ చెప్పలేదు" అన్నాడు. బల్ల మీద కౌంటర్ పెడితే మామూలు కంటే కొంచెమే ఎక్కువ చూపించింది. తర్వాత ఆయనే మోకాలి దగ్గరి సొరుగు లాగి ఒక పాత రేకు డబ్బా తీశాడు. చెడిపోయిన వాచ్‌ల నుంచి తీసిన ముళ్లు, డయళ్లు, పనికొస్తాయని దాచినవి. మూత తీయకముందే కౌంటర్ చప్పుడు మారిపోయింది. నా వాచ్ కంటే మూడింతలు చూపించింది. ఆ డబ్బా ముప్పై ఏళ్లుగా ఆ సొరుగులోనే ఉందట. కాసేపాగి, "అయితే నా లోపలికి ఎంత పోయుంటుంది బాబూ?" అని అడిగాడు. ఏం చెప్పాలో తెలియక తల దించుకున్నాను.

డబ్బాని కదిలించకుండా రెండు జిప్ కవర్లలో పెట్టాం. బల్ల, సొరుగు తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డనీ కవర్లోనే వేశాం. పొడిగుడ్డతో దులిపితే మళ్లీ గాల్లోకే లేస్తుంది. పాత సామాన్లవాడికి వేయకుండా ఏం చేయాలో అడగడానికి ముంబైలోని అణుశక్తి నియంత్రణ మండలికి ఉత్తరం నేనే రాస్తున్నాను.

ఇంట్లో పదీ ఇరవై పాత వాచ్‌లు పోగుచేసేవాళ్లకి ఇంకో సంగతి. రేడియం నుంచి రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు పుడుతుంది. ఇంగ్లండ్‌లో నార్తాంప్టన్, కింగ్‌స్టన్ యూనివర్సిటీల వాళ్లు 30 పాత వాచ్‌లు ఒక గదిలో ఉంచి కొలిచి, 2018లో ఫలితం బయటపెట్టారు. అక్కడ సిఫారసు చేసే హద్దుకి 134 రెట్లు రేడాన్ వచ్చింది. మూసి ఉన్న పడగ్గదిలో మంచం పక్కన పెట్టుకోవాల్సినవి కావు.

ఇక అమ్మేవాళ్లతో. "ఒరిజినల్ రేడియం డయల్, అద్భుతమైన పాత రంగు" అని ధర పెంచడానికి ఆ మాట వాడతారు కదా, "లోపల విప్పకండి, గీకకండి" అని ఇంకో లైను రాయడానికి ఏం అడ్డు వస్తోంది? ఆ రంగు వల్లే రేటు పలుకుతోంది, ఆ రంగు వల్లే ప్రమాదం. కొన్నవాడు నేరుగా తీసుకెళ్లేది రిపేరు షాపుకే అని మీకు బాగా తెలుసు. చెప్పకుండా అమ్మడం తప్పు. మొహమాటం లేకుండా అంటున్నాను.

అన్ని పాత వాచ్‌లూ ఇలాంటివి కావు. డయల్ కింద ఆరు అంకె దగ్గర స్విస్ అనే మాటకి అటూ ఇటూ ఇంగ్లిష్ అక్షరం 'టీ' ఉంటే అందులో ఉన్నది ట్రిటియం అనే వేరే రేడియోధార్మిక పదార్థం. దానికి సగం ఆయుష్షు 12.3 ఏళ్లు, దాని బీటా చర్మం కూడా దాటలేదు. కొత్త వాచ్‌ల్లో వెలిగేదాంట్లో చాలావరకు రేడియోధార్మికత అసలే ఉండదు. 1960లకి ముందుది, అంకెల మీద ముదురు గోధుమ పూత ఉంది, 'టీ' లేదు అంటే మాత్రం రేడియం అనుకునే నడుచుకోండి.

అలాంటి వాచ్ రిపేరుకి ఇచ్చేటప్పుడు "ఇది బండి స్టిక్కర్ రేడియం కాదు, అసలు రేడియం, పొడి నోట్లోకి పోకూడదు" అని ముందే చెప్పండి. ఆయన చేయనంటే బలవంతపెట్టకండి, వాచ్ ఆగిపోయినా పర్లేదు. గీకి కొత్త పూత వేయమని అస్సలు అడగొద్దు.

తాతయ్య వాచ్ మళ్లీ ఆగిపోయింది. ఈసారి విప్పించలేదు. జిప్ కవర్లో పెట్టి, డబ్బాలో పెట్టి, లోపల ఒక కాగితం ఉంచాను. నా తర్వాత ఎవరి చేతికి వెళ్తుందో తెలియదు కాబట్టి పెద్ద అక్షరాలతో రాశాను: "ఇందులో నిజమైన రేడియం ఉంది. ఎవరి చేతా విప్పించకండి."