చేతికి కుదరని వంటిల్లు

నాలుగు బర్నర్ల పొయ్యి ముందు ఒకసారి నిలబడి చూడండి. బర్నర్లు ముందు రెండు, వెనక రెండు, చతురస్రంగా ఉంటాయి. వాటిని తిప్పే నాబ్‌లు మాత్రం ముందు అంచున ఒకే వరుసలో ఉంటాయి. ఎడమ నుంచి రెండో నాబ్ ఏ బర్నర్‌ది? ముందుదా, వెనకదా? రోజూ వాడే సొంత పొయ్యి గురించి అడిగినా చాలామంది తడుముకుంటారు. నాబ్ పక్కన నాలుగు చుక్కల చిన్న బొమ్మ ఉంటుంది, దాన్ని చూసి తెలుసుకోవాలి. రోజూ తుడిచీ తుడిచీ కొన్నాళ్లకు ఆ బొమ్మా అరిగిపోతుంది.

1959లో ఆల్ఫాన్స్ చపానిస్, లిండెన్‌బామ్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు ఈ చిక్కునే పరీక్షకు పెట్టారు. నాలుగు రకాల అమరికలు తీసుకుని, బర్నర్‌ను చూపిస్తే దాని నాబ్‌ను మనుషులు ఎంత వేగంగా, ఎంత సరిగా పట్టుకుంటారో లెక్కగట్టారు. వెనక బర్నర్లను ముందువాటికి సూటిగా కాకుండా కాస్త పక్కకు జరిపిన అమరికలో 1,200 ప్రయత్నాలకు ఒక్క తప్పు కూడా రాలేదు. మిగిలిన మూడింటిలోనూ తప్పులు దొర్లాయి. పక్కకు జరిపితే నాబ్‌ల వరుస, బర్నర్ల వరుస ఎడమ నుంచి కుడికి ఒకేలా కనిపిస్తాయి, ఆలోచించాల్సిన పనే ఉండదు. ఇంత తేలిక పరిష్కారం తెలిసి 60 ఏళ్లు దాటినా, ఎక్కడ చూసినా పొయ్యిలు ఇంకా ఆ పాత చతురస్రంలోనే వస్తున్నాయి.

ఈ పాత ప్రయోగాన్ని ఇప్పుడు గుర్తుచేయడానికి కారణం ఉంది. డెబ్బై ఐదేళ్ల తల్లి తప్పు నాబ్ తిప్పి ఖాళీ గిన్నె మాడ్చిందనుకోండి, ఆమెకు మతిమరుపు వచ్చేసిందని ఇంట్లో అనుకుంటారు. అదే పొయ్యి దగ్గర ముప్పై ఏళ్ల కొడుకు అదే పని చేస్తే ఏదో పరధ్యానంలో ఉన్నాడంటారు. పొయ్యిని మాత్రం ఎవరూ ఏమీ అనరు. మూత తిరగకపోయినా, గిన్నె చేజారినా, అంకెలు కనిపించకపోయినా వయసు మీదే నెపం పడుతుంది. ఈ నెపంలో సగానికి పైగా తయారీదారుల ఖాతాలో పడాల్సిందని మా అభిప్రాయం.

వయసుతో శరీరంలో వచ్చే మార్పులు రహస్యాలేమీ కావు. కంటిపాప చిన్నదవుతుంది, లోపలి లెన్స్ పసుపు తిరిగి మసకబారుతుంది. 20 ఏళ్లవారితో పోలిస్తే 60 ఏళ్లవారి రెటీనాకు (కంటి వెనక ఉండే, వెలుతురును పట్టే పొరకు) చేరే వెలుతురు దాదాపు మూడో వంతే. నల్ల ప్లాస్టిక్ మీద చెక్కిన నల్లటి అంకెలు, మెరిసే స్టీలు మీద బూడిద రంగు గీతలు వాళ్లకు ఉన్నా లేనట్టే. కిటికీలోంచి ఎండ పడుతుంటే సిమ్‌లో పెట్టిన నీలి మంట కనిపించదు. ఉందో లేదో చూడటానికి వంగుతారు, చెయ్యి దగ్గరగా పెట్టి చూస్తారు. వినికిడిలో ముందుగా పోయేది సన్నటి కీచు శబ్దాలను పట్టే శక్తి. ఓవెన్లు, టైమర్లు మోగేది చాలావరకు ఆ కీచు గొంతుతోనే. వాసన పట్టడమూ తగ్గుతుంది. వంట గ్యాస్‌కు సొంత వాసన లేదు. లీకైతే తెలియాలనే అందులో మెర్కాప్టాన్ లాంటి ఘాటు పదార్థం కలుపుతారు. అంటే హెచ్చరిక భారమంతా ముక్కు మీదే పెట్టారన్నమాట, ఆ ముక్కే మొద్దుబారే వయసులో కూడా.

చర్మం పలచబడుతుంది, వేడి తగిలిన చెయ్యి వెనక్కి రావడానికి ఒక క్షణం ఎక్కువ పడుతుంది. 60 డిగ్రీల సెల్సియస్ నీళ్లు పడితే ఆరోగ్యంగా ఉన్న వయోజనులకే 5 సెకన్లలో తీవ్రంగా కాలుతుంది. అదే 49 డిగ్రీలైతే అంత గాయానికి నిమిషాలు పడుతుంది. వేడినీళ్లలో చన్నీళ్లు కలిపి ఆ 11 డిగ్రీల తేడాను అదుపులో పెట్టే మిక్సింగ్ వాల్వ్‌లు ఏనాడో వచ్చాయి. సింకు దగ్గర వాటిని బిగించినవారు ఎంతమంది?

ఇక చేతులు. బొటనవేలి మొదట్లో కీలు అరిగినవారికి నొప్పి పెట్టేది బరువు ఎత్తినప్పుడు మాత్రమే కాదు. గిల్లినట్టు పట్టుకోవడం, మెలితిప్పడం, రెండూ ఒకేసారి చేయడం ఇంకా కష్టం. వంటింట్లో ఉన్నవన్నీ ఆ పనులే. రెండు లీటర్ల నీళ్లతో గిన్నె మూడు కిలోలు తూగుతుందనుకుందాం. పొడవాటి పిడిని చివర పట్టుకుని దాన్ని వంచితే మణికట్టు మీద పడేది మూడు కిలోల బరువు ఒక్కటే కాదు, పిడి పొడవు కొద్దీ పెరిగే మెలి కూడా. ఎదురుగా ఇంకో చిన్న పిడి ఉంటే రెండు చేతులు పంచుకుంటాయి. గిన్నె అంచుకు రెండు వైపులా నీళ్లు వంపే మూతి ఉంటే ఎడమచేతి వాటం వారికీ ఇబ్బంది ఉండదు. ఇవేమీ కొత్త టెక్నాలజీ కావు, గీసే కాగితం మీద ఇంకో రెండు గీతలు.

సీసా మూతల సంగతి వేరే చెప్పాలా! లోపలి గాలి తీసేసి బిగించిన మూతను తిప్పడానికి కావలసిన బలం చాలామంది వృద్ధుల చేతుల్లో ఉండదు. స్పూను అంచుతో మూతను కాస్త పైకి లేపి గాలి లోపలికి పోనిస్తే అది ఇట్టే తిరుగుతుంది. ఈ చిట్కా ఇంటింటా తెలిసిందే. ఇంటింటా చిట్కా అవసరం పడుతోందంటేనే మూత తయారీలో లోపం ఉన్నట్టు. ప్యాకింగులు సులువుగా తెరుచుకోవాలంటూ 2015లో ఐఎస్ఓ 17480 అనే అంతర్జాతీయ ప్రమాణం కూడా వచ్చింది. దాన్ని పాటించాలా వద్దా అన్నది తయారీదారు ఇష్టం. (వాడే విధానం ముద్రించిన కాగితం గురించి కూడా ఒక మాట. ఆ అక్షరాలు చదవాలంటే ముందు ఒక భూతద్దం కొనాలి. భూతద్దం పెట్టె మీది అక్షరాలూ అంతే.)

ఇన్ని ఇబ్బందులకు కుటుంబాలు కనిపెట్టిన పరిష్కారం ఒకటుంది. "నువ్వు కూర్చో అమ్మా, మేం చూసుకుంటాం." ఈ మాటలో ప్రేమ ఉంది, భయమూ ఉంది. ఆఫీసులో ఉన్నంతసేపూ ఇంట్లో పొయ్యి ఆపారో లేదోనన్న టెన్షన్ పడేవారిని మేం తప్పుపట్టడం లేదు. కానీ వంట మానేసిన మనిషికి పోయేది వంట ఒక్కటే కాదు. నిలబడటం, నడవటం, వంగటం, లెక్క చూసుకోవడం, తనకు నచ్చింది తను చేసుకు తినడం, ఇంకొకరికి పెట్టడం, ఇవన్నీ దానితోపాటే పోతాయి. పైగా ఒంటరిగా ఉండే వృద్ధులకు "మేం చూసుకుంటాం" అనేవారే ఉండరు. ప్రమాదం తప్పించడానికి మనిషినే వంటింట్లోంచి తప్పించడం చివరి దారి కావాలి. మనం దాన్ని మొదటి దారిగా పెట్టుకున్నాం.

మొదటి దారి ఏమిటో చేసి చూపించిన దేశాలున్నాయి. పొయ్యి మంట గాలికో, పొంగిన నీళ్లకో ఆరిపోతే గ్యాస్ దానంతటదే ఆగిపోయే ఏర్పాటు పాతదే. మంటలో ఉండే థర్మోకపుల్ అనే చిన్న లోహపు పుల్ల వేడికి కొద్దిపాటి కరెంటు పుట్టిస్తుంది. ఆ కరెంటే వాల్వ్‌ను తెరిచి పట్టుకుంటుంది. మంట ఆరితే కరెంటు ఉండదు, వాల్వ్ మూసుకుపోతుంది. దీనికి బ్యాటరీ కూడా అక్కర్లేదు. జపాన్ ఇంకో అడుగు వేసింది. బర్నర్ మధ్యలో గిన్నె అడుగును తాకే సెన్సర్‌ను పెట్టించి, నూనె దాదాపు 250 డిగ్రీలకు చేరగానే మంట తగ్గేలా లేదా ఆగిపోయేలా చేసింది. నూనె దానంతటదే అంటుకునేది సుమారు 370 డిగ్రీల దగ్గర. 2008 నుంచి ఆ దేశంలో ఇళ్లలో వాడే గ్యాస్ పొయ్యిలకు ఈ రెండు ఏర్పాట్లూ తప్పనిసరి. నార్వేలో 2010 నాటి విద్యుత్ నిబంధనల ప్రకారం కొత్త ఇళ్లలో ఎలక్ట్రిక్ పొయ్యి పైన వేడిని గమనించి కరెంటు ఆపేసే పరికరం ఉండాలి.

వీటి మీద చిరాకు లేకపోలేదు. పెద్ద మంట మీద వేయిస్తుంటే సెన్సర్ మధ్యలో మంట తగ్గించేస్తుందని అలవాటుపడ్డ వంటవారు విసుక్కుంటారు. అది నిజమైన ఇబ్బందే, సెన్సర్‌ను కాసేపు పక్కనపెట్టే బటన్ ఇచ్చి దాన్ని సర్దుబాటు చేయవచ్చు. మాకు కొరుకుడుపడనిది వేరే. చాలాచోట్ల ఈ ఏర్పాట్లు ఖరీదైన మోడళ్లలో 'అదనపు సదుపాయం'గా అమ్ముడవుతున్నాయి. కారు బ్రేకును అదనపు సదుపాయంగా ఎవరూ అమ్మరు కదా.

ఇండక్షన్ పొయ్యి వచ్చాక సమస్య తీరిపోయిందనేవారూ ఉన్నారు. కొంతవరకు నిజమే. మంట లేదు, గిన్నె తీస్తే ఆగిపోతుంది, కొంగో చొక్కా చెయ్యో అంటుకోదు. అయితే గిన్నె తీశాక కూడా గాజు పలక వేడిగానే ఉంటుంది, కానీ ఎర్రగా కనిపించదు. బల్లపరుపు టచ్ ప్యానెల్ ఎండిపోయిన వేళ్లకు సరిగా స్పందించదు, ఎక్కడ నొక్కుతున్నారో వేలికి తెలియదు. పేస్‌మేకర్ ఉన్నవారు కొనేముందు డాక్టర్‌ను అడగాలి. ఒక ప్రమాదం తీసేసి ఇంకో అయోమయం పెట్టిన ఈ వస్తువుకు మామూలు తిప్పే నాబ్ ఒకటి పెడితే ఎంత బాగుండేది!

పైన చెప్పినవన్నీ చేస్తే వస్తువు ఆస్పత్రి సామాను లాగా కనిపిస్తుందని, ఎవరూ కొనరని కంపెనీలు అంటాయి. ఆ వాదనకు జవాబు 1990లోనే వచ్చింది. వంటింటి సామాన్ల వ్యాపారం చేసి రిటైరైన శామ్ ఫార్బర్, చేతుల్లో ఆర్థరైటిస్ ఉన్న తన భార్య బెట్సీ తొక్క తీసే పీలర్‌తో పడుతున్న అవస్థ చూశారు. స్మార్ట్ డిజైన్ అనే సంస్థతో కలిసి లావుపాటి మెత్తని రబ్బరు పిడి, బొటనవేలు ఆనే చోట సన్నని గాట్లు ఉన్న పీలర్ తయారు చేయించారు. తడి చేతికీ జారదు, గట్టిగా పిడికిలి బిగించక్కర్లేదు. ఆక్సో గుడ్ గ్రిప్స్ పేరుతో వచ్చిన ఆ సామానును 'వృద్ధుల కోసం' అని అమ్మలేదు. అందరూ కొన్నారు. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ సేకరణలోకీ ఆ పీలర్ చేరింది.

దానికి పదేళ్ల ముందు ప్యాట్రీషియా మూర్ అనే యువ డిజైనర్, కీళ్ల నొప్పులున్నవారూ తెరవగలిగే ఫ్రిజ్ తలుపు గురించి తను పనిచేసే సంస్థలో అడిగారు. అలాంటివారి కోసం మనం డిజైన్ చేయం అన్న జవాబు వచ్చిందని ఆమె తర్వాత చెప్పుకున్నారు. 1979లో 26 ఏళ్ల వయసులో ఆమె ముసలావిడ వేషం వేసుకున్నారు. చూపు మసకబారే కళ్లద్దాలు పెట్టుకుని, కీళ్లు కదలకుండా కట్లు కట్టుకుని మూడేళ్లకు పైగా అమెరికా, కెనడా నగరాల్లో తిరిగారు. వృద్ధుల ఇబ్బంది తెలుసుకోవడానికి ఒక డిజైనర్ వేషం కట్టాల్సి రావడం ఒకింత విడ్డూరమే. వృద్ధులనే పిలిచి అడిగితే సరిపోయేది!

ఆ 'అలాంటివారు' ఇప్పుడు కొద్దిమందేమీ కాదు. 2030 నాటికి ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు 60 ఏళ్లు పైబడినవారే ఉంటారని, 2050కి వారి సంఖ్య 210 కోట్లకు చేరుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అయినా మార్కెట్టే అన్నీ చక్కబెడుతుందని మేం నమ్మడం లేదు. మంచి పీలర్‌ను మార్కెట్ ఇచ్చింది. 1959లో తేలిన పొయ్యి అమరికను మాత్రం ఇవ్వలేదు. ఎందుకంటే పీలర్‌ను చేత్తో పట్టి చూసి కొంటాం, పొయ్యి తికమక ఇంటికొచ్చాకే తెలుస్తుంది. అక్కడే నిబంధన అవసరం.

అలాంటి నిబంధనకు నమూనా మందుల సీసాల దగ్గర దొరుకుతుంది. పిల్లలు తెరవలేని మూతలు పెట్టాలని అమెరికా చట్టం చేసింది. తీరా ఆ మూతలు పెద్దలకూ రాలేదు. విసిగిపోయి మూత పెట్టడమే మానేశారు. దాంతో 1995లో పరీక్ష పద్ధతిని మార్చారు. 50 నుంచి 70 ఏళ్ల మధ్య ఉన్న 100 మందికి ఆ సీసా ఇస్తారు. మొదటిసారి 5 నిమిషాల్లో, రెండోసారి 1 నిమిషంలో కనీసం 90 శాతం మంది తెరిచి, మళ్లీ సరిగా మూయగలగాలి. లేకపోతే ఆ మూత పరీక్షలో తప్పినట్టే. తప్పింది మూత, మనుషులు కాదు. ఈ ఒక్క మార్పుతో కంపెనీలు మూతలను కొత్తగా ఆలోచించాల్సి వచ్చింది.

పొయ్యిలు, ప్రెషర్ కుక్కర్లు, కెటిళ్లు, మిక్సీలు, బిగించిన మూతల సీసాలకు ఇదే రకం పరీక్ష పెట్టాలని ప్రమాణాల సంస్థలను మేం కోరుతున్నాం. మంట ఆరితే గ్యాస్ ఆగే ఏర్పాటు, అతిగా వేడెక్కితే ఆపే సెన్సర్ అన్నిటికంటే చవకైన మోడల్‌లోనూ ఉండాలి. అంకెలు దూరం నుంచీ చదవగలిగేలా, పలక రంగుకు భిన్నమైన రంగులో ఉండాలి. అలారం గొంతు కాస్త బొంగురుగా ఉన్నా పర్వాలేదు, వినపడాలి. అమెరికా పరీక్షలో ఒక లోటు ఉంది, దాన్ని మాత్రం తెచ్చుకోవద్దు. అది 70 ఏళ్ల దగ్గర ఆగిపోతుంది, వంట అక్కడ ఆగదు. పరీక్షకు పిలిచేవారిలో 80 దాటినవారు ఉండాలి, చేతులు వణికేవారు ఉండాలి. వాళ్ల చేతులు తడిగా ఉండగా, సాయంత్రం మసక వెలుతురులో, కళ్లజోడు పక్క గదిలో మరిచిపోయి వచ్చినట్టుగా ఆ వస్తువును వాడించి చూడాలి.