కుక్క తప్పిపోలేదు తల్లీ

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడితోట కాసే ఒక ఆడకుక్క హైవే పక్కన కనబడితే, దిక్కులేనిదనుకుని ఒక వలంటీరమ్మాయి కారులో విశాఖపట్నం తీసుకెళ్లింది. ఆచూకీ తెలిసి నాలుగో రోజున రైతు వెళ్లాడు.

వలంటీరు: డొక్కలు ఎండిపోయి ఉన్నాయి బాబాయ్. మెడకు పట్టీ లేదు. 16వ నంబరు జాతీయ రహదారి మీద లారీలు ఆగుతాయా? చూస్తూ వదిలేయమంటారా?

రైతు: డొక్కలు చూశావు, పాలతో వేలాడే చన్నులు చూడలేదా? ఈనిన కుక్క చిక్కిపోదా తల్లీ? పాకలో నాలుగు పిల్లలున్నాయి. మా ఇంటిది దూదితో గేదెపాలు పట్టింది. ఒకటి దక్కలేదు.

వలంటీరు: అయ్యో... తెలిస్తే తెచ్చేదాన్ని కాదు. కానీ ఆపరేషన్ ఎందుకు చేయించలేదు? రేబిస్ టీకా వేయించారా? ఆ జబ్బు లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. పెంచుకుంటున్నామంటే చాలా?

రైతు: టీకా వేయించలేదు. తప్పు నాదే.

వలంటీరు: పెట్టేది కూడా గంజేనట!

రైతు: గంజిని చులకన చేయకు. నేను తాగేదీ అదే. చేప తలకాయలు ఉడకేసి అన్నంలో కలిపి కూడా పెడతాం.

వలంటీరు: ముళ్లు గుచ్చుకోవూ?

రైతు: తిండి సంగతి వదిలేయమ్మా. మా వైపు కుక్కను కట్టేసి పెంచరు. పొద్దున మా ఇంట్లో తింటుంది, మధ్యాహ్నం టీకొట్టు దగ్గర పడుకుంటుంది, రాత్రి తోటలో తిరుగుతుంది. జీడితోటల్లోకి ఎలుగుబంట్లు వస్తాయి. అది అరిస్తేనే మేం లేచి టార్చి వేసి డబ్బాలు వాయిస్తాం. గొలుసున్న కుక్క ఆ పని చేయగలదా? నీకు దిక్కులేనిదిగా కనబడింది గానీ, అది ఎవరిదో ఆ దారిలో అందరికీ తెలుసు. ఒక్కరినైనా అడిగావా? 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కనైనా ఆపరేషన్ చేశాక పట్టిన చోటే వదలాలట. మా పశువుల డాక్టరు చెప్పాడు. వీధికుక్కకే ఒక చోటుందంటే, మా కుక్కకు లేదా?

వలంటీరు: నేను అడిగేలోగా లారీ కింద పడితే?

రైతు: పడొచ్చు. మా పాత కుక్క అలాగే పోయింది. అందుకే పట్టీ కట్టి ఫోన్ నంబరు రాయిస్తాను. టీకా వేయిస్తాను, పిల్లలు పాలు మానాక ఆపరేషనూ చేయిస్తాను. కానీ పట్టీ లేనివి మా ఊళ్లో ఇంకా ఉన్నాయి. కనబడితే రోడ్డు దింపి పక్కకు తోలు. టీకొట్టులో అడుగు. అడక్కుండా కారెక్కించకు.

వలంటీరు: మిగతా మూడు పిల్లలు ఎలా ఉన్నాయి బాబాయ్?

రైతు: రాత్రంతా ఏడుస్తున్నాయి. ఆ తలుపు తియ్యమ్మా, తీసుకెళ్తాను.