బంగారు కొండా, గుమ్మడి వడియాలూ

ప్రొజెక్టరు అద్దె ఒక రాత్రికి ఎనిమిది వందలు. తెర మాత్రం ఇంట్లోదే, మా ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న తెల్ల దుప్పటి. తెల్లదే కానీ నడిమధ్యన ఒక గులాబీ ఉంది. ఆ సంగతి హాలీవుడ్ హీరో గ్రెగరీ పెక్ మొహం సరిగ్గా దాని మీద పడి, ఆయన ముక్కు వికసించినప్పుడు గానీ నాకు తెలిసిరాలేదు.

మెకన్నాస్ గోల్డ్ గురించి పిల్లలకి ఏళ్ళ తరబడి చెబుతున్నాను. 1969 నాటి సినిమా. అమెరికాలో పెద్దగా ఆడలేదు గానీ మన దేశంలో తిప్పి తిప్పి వేశారు. తెనాలిలో నేను చూసేటప్పటికి దానికి పదిహేనేళ్ళు. ఉదయం ఆట, నేల టికెట్టు. రాబందు ఆకాశంలో తిరుగుతుంటే వెనక పాట అందుకునేది, మాకు ఒళ్ళు జలదరించేది. ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. పదిలో ఇంగ్లీషు రెండుసార్లు తప్పిన మా అన్నయ్యే మా వరసంతటికీ దుబాసీ.

మొన్న డాబా మీద కూడా అన్నయ్య ముందు కుర్చీలోనే కూర్చున్నాడు. నవారు మంచం మీద అమ్మ. ఓ మూల గుమ్మడి వడియాలు. "రెండెండలు తగిలాయి, ఎవరైనా తొక్కారో..." అని మా ఆవిడ వాక్యం పూర్తి చెయ్యకుండానే అందరికీ అర్థమయ్యేలా చెప్పింది.

మొదటి దెబ్బ పది నిమిషాల్లోనే తగిలింది. అపాచీ అనే అమెరికా ఆదివాసీ తెగకి చెందిన ఒక ముసలాయన, హీరో మీద కాల్పులు జరిపి తనే గాయపడి చనిపోతాడు. అతని దగ్గరున్న కాగితాన్ని హీరో ఒకసారి చూసి మంటలో పడేస్తాడు.

"చూశారా, ప్రామిసరీ నోటు తగలబెట్టేశాడు. ఇక బాకీ లేదు!" అన్నాను పిల్లలతో.

మా అమ్మాయి కింద పడుతున్న అక్షరాలు చదివి, నా వంక జాలిగా చూసింది. "నాన్నా, అది బంగారం ఉన్న చోటికి మ్యాపు."

నలభై ఏళ్ళుగా నా దృష్టిలో అది అప్పు వసూలు కథ. ముసలాయన వడ్డీ వ్యాపారి. విలన్ ఒమర్ షరీఫ్ వచ్చి హీరోని కట్టేసింది కూడా ఆ నోటులో అంకె ఎంతో చెప్పమని! నేను మెల్లిగా అన్నయ్య వైపు తిరిగాను. ఆయన తడుముకోలేదు. "ఒరే, అప్పట్లో అలాగే ఉండేది. తర్వాత మార్చుంటారు."

ఇక కొలనులో ఈత సీను. అప్పట్లో అది ఎప్పుడొస్తుందో మాకు నిమిషాలతో సహా తెలుసు. ఇప్పుడు, దేవుడి మీద ఒట్టు, మర్చిపోయాను. జూలీ న్యూమర్ నీళ్ళలో దిగగానే గుర్తొచ్చింది. చీకట్లో రిమోట్ తడిమి ముందుకు జరపబోయి ఆపేశాను. బొమ్మ ఆగిపోయింది. ఎంత నొక్కినా కదలదు. డాబా అంతా నిశ్శబ్దం.

"ఎవరైనా తువ్వాలు ఇవ్వండ్రా, పడిశం పడుతుంది" అంది అమ్మ.

సరే, అసలు నేను వాళ్ళకి చూపించాలనుకున్నది పొద్దుపొడుపు సీను. సూర్యుడు లేస్తుంటే రాతి స్తంభం నీడ ఎడారి మీద సాగి సాగి, బంగారం దాగిన లోయకి దారి చూపిస్తుంది. అరిజోనాలో ఆ స్తంభం నిజంగానే ఉంది, స్పైడర్ రాక్ అంటారు. "ఇప్పుడు చూడండి, నీడ!" అని లేచి నిలబడ్డాను. నీడ పడింది. సాగింది. దానికి కొప్పు ఉంది, చంకలో బకెట్టు ఉంది. కింది వాటా పిన్నిగారు ఆరేసిన బట్టల కోసం పైకొచ్చారు.

"దారి ఎటు చూపిస్తోంది నాన్నా?"

"మెట్ల వైపు" అంది మా ఆవిడ.

పిన్నిగారు కంగారుగా వెనక్కి అడుగేశారు. కరకరమని చప్పుడైంది. ఎడారిలో అలాంటి చప్పుడు రాదని అందరికీ తెలుసు. అప్పుడే తెర మీద భూకంపం కూడా మొదలై కొండలు కూలాయి. చిన్నప్పుడు ఆ కొండలు చూసి కుర్చీ కింద దూరాను అని ఇన్నాళ్ళూ చెప్పాను. నేల టికెట్టుకి కుర్చీ ఎక్కడిదో వాళ్ళెప్పుడూ అడగలేదు. ఇప్పుడు మావాడు "బొమ్మ కొండలు నాన్నా, దసరా బొమ్మల కొలువులా ఉన్నాయి" అన్నాడు. మిగిలిన వడియాలని మా ఆవిడ చీకట్లోనే గుడ్డ సంచిలోకి ఎత్తేసింది.

చివర్లో హీరో ఎక్కిన గుర్రం జీను సంచుల్లో బంగారం ఉంటుంది. ఆ సంగతి అతనికి తెలిసినట్టు కనపడదు. అది ఒక్కటే పిల్లలకి నచ్చింది.

మర్నాడు మా ఆవిడ వడియాల సంచి కోసం ఇల్లంతా వెతికింది. సాయంత్రం ప్రొజెక్టరు కుర్రాడి ఫోను.

"సార్, మా బ్యాగులో వైర్ల కింద ఏదో మూట వచ్చిందండీ."

"అవి మావే బాబూ, వచ్చి తీసుకుంటా."

"మీకెందుకండీ శ్రమ, మధ్యాహ్నం పప్పులోకి వేయించేశాం. ఇంగువ ఎంతేశారో అమ్మ అడగమంది."

ఇంట్లో ఏం చెప్పాలో తోచక అన్నయ్యకి ఫోన్ చేశాను.

"రాబందు ఎత్తుకుపోయిందని చెప్పరా" అన్నాడు.