వడపోత సంగతి కూడా చెప్పాలి

పదో తరగతి ఫలితాల్లో గురుకులాలు (ప్రభుత్వ రెసిడెన్షియల్ స్కూళ్లు) జిల్లా పరిషత్ హైస్కూళ్లను దాటేశాయని, అదంతా బడి గొప్పతనమేనని ఈమధ్య ఒక వ్యాసంలో రాశారు. సగమే ఒప్పుకుంటాను. 1971లో ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు హయాంలో అప్పటి నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన ఈ పద్ధతిలో వసతి, తిండి, స్టడీ అవర్స్ అన్నీ ఒకేచోట దొరుకుతాయి. పేదింటి పిల్లలకు అది చిన్న విషయం కాదు. కానీ ఐదో తరగతికే ఎంట్రన్స్ పెట్టి ఏరుకుంటారు కదా! మా ఊరి ప్రైమరీ స్కూలు నుంచి ఏటా చురుకైన నలుగురైదుగురు అలాగే వెళ్లిపోయేవారు (మేమూ సంతోషంగానే పంపేవాళ్లం లెండి). ఆరో తరగతికి హైస్కూల్లో టీచరునైన నా దగ్గరికొచ్చేవాళ్లలో కూడబలుక్కుని చదివేవాళ్లు, పత్తి ఏరే రోజుల్లో అసలు కనబడనివాళ్లు ఉండేవారు. మార్కులు పక్కపక్కన పెట్టేముందు, చేరేనాటికి ఎవరు ఎక్కడున్నారో చూశారా?