మామగారికి మూడు నిమిషాలు

మొన్న రాత్రి జరిగినదాన్ని మా ఊరి కేబుల్ చానల్ వాళ్ళు వేసిందే వేస్తున్నారు. ఆఫీసులో ఒకామె "టీవీలో ఆ పెద్దాయన పక్కన నిలబడి చెమటలు తుడుచుకుంటున్నది మీరేనా?" అని నలుగురిలో అడిగేసింది. కాబట్టి నా వైపు ముక్క కూడా ఒకటి చెప్పుకోవాలి.

మేముండేది బోస్టన్‌కి పడమటి వైపు ఒక మోస్తరు టౌన్‌లో. ఊరికి కొత్త చార్టర్ రాస్తున్నారు. మసాచుసెట్స్‌లో ఏ ఊరి రాజ్యాంగం ఆ ఊరే రాసుకోవచ్చు, రాష్ట్ర రాజ్యాంగానికి 1966లో వచ్చిన సవరణ పుణ్యమా అని. ఓటర్లలో 15 శాతం మంది సంతకాలు చేస్తే చాలు, చార్టర్ రాసే కమిషన్ వేయాలా వద్దా అనేదీ, వేస్తే అందులో కూర్చునే తొమ్మిది మంది ఎవరనేదీ ఒకే బ్యాలెట్ మీదికి వస్తాయి. నెగ్గినవాళ్ళకి జీతం ఉండదు, 18 నెలల గడువు మాత్రం ఉంటుంది. ముసాయిదా రాయాలి, అటార్నీ జనరల్‌కి పంపాలి, జనం ఏమంటారో వినాలి, తుది ప్రతిని ఇంటింటికీ పంచాలి, ఆపైన ఊరు ఓటేయాలి. ఆష్‌లాండ్ లక్ష్మీదేవి గుడికి వెళ్తూ మేం దాటే ఫ్రేమింగ్‌హామ్ 2017లో ఇలాగే, నూటికి అటూ ఇటూగా ఓట్ల తేడాతో సరేననుకుని, టౌన్‌గా పడుకుని 2018 జనవరి 1న సిటీగా లేచింది.

మా ఊళ్ళో గొడవల్లా టౌన్ మీటింగ్ గురించే. ఇప్పుడు ఊరి బడ్జెట్ అయినా, మంచు తీసే బండి కొనాలన్నా ఓటర్లంతా హాల్లో కూర్చుని చెయ్యెత్తాలి. ఓటర్లు వేలల్లో ఉంటారు, వచ్చేది వందల్లో. మా ఎదురింటాయన ఇదంతా తీసేసి, ఎన్నుకున్న కౌన్సిల్, ఊరిని నడిపే అధికారిగా ఒక మేనేజర్ పెట్టాలంటాడు. సంతకాల కాయితం పట్టుకుని చలికాలమంతా జనం తలుపులు కొట్టిన మనిషి. నేను ఆయనకి సంతకం పెట్టింది చార్టర్ మీద ప్రేమతో కాదు, తలుపు తీసి ఉంటే ఇల్లు చల్లబడిపోతోందని.

సరే, జనం ఏమంటారో వినే ఘట్టం మొన్న హైస్కూలు ఆడిటోరియంలో జరిగింది. ఎనిమిదో క్లాసు చదివే మా అమ్మాయికి సివిక్స్ పని ఉందని బయల్దేరాం. గుంటూరు నుంచి వచ్చిన మామగారు 'మునిసిపల్' అన్న మాట చెవిన పడగానే షర్టు మార్చుకుని కారెక్కి కూర్చున్నారు. ఆయన బిల్ కలెక్టర్‌గా చేరి రెవెన్యూ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరైన మనిషి.

దారిలో అంతా వివరించాను. విని, "అల్లుడుగారూ, ఇంతకీ జీవో నంబరెంత?" అన్నారు.

"జీవో ఏమీ లేదు మామయ్యగారూ. ఊరివాళ్ళే రాసుకుంటారు."

"జీవో లేకుండా ఎట్లా రాస్తారండీ? మనకి పంచాయతీని మునిసిపాలిటీ చెయ్యాలంటే ప్రభుత్వం నోటిఫికేషన్ ఇస్తుంది, తెల్లారి పేపర్లో చూసి ఊరివాళ్ళకి తెలుస్తుంది. పద్ధతంటే అదీ."

లోపలికి వెళ్ళాం. మా అమ్మాయి నోట్సు రాసుకుంటోంది, నేను ఫోన్ చూసుకుంటున్నాను. తలెత్తేసరికి మామగారి కుర్చీ ఖాళీ. హాలు మధ్యలో ఒక క్యూ ఉంది. గుంటూరులో పుట్టి పెరిగిన మనిషికి క్యూ కనిపిస్తే ముందు నిలబడటం, ఎందుకో తర్వాత కనుక్కోవడం అలవాటు. రేషనో, గ్యాసో, గుళ్ళో ప్రసాదమో, చివరికి వెళ్తే తెలుస్తుంది. నేను పరుగున వెళ్ళేలోపే ఆయన చివరికి వెళ్ళిపోయారు. అక్కడ ప్రసాదం లేదు, మైకు ఉంది.

"పేరూ, అడ్రసూ చెప్పండి, రికార్డు కోసం," అంది కమిషన్ అధ్యక్షురాలు.

ఆయన రికార్డు అన్న మాటకి గౌరవమిచ్చే మనిషి. ఇంటి పేరుతో మొదలుపెట్టి, బ్రాడీపేట లైను, అడ్డరోడ్డు, ఎదురుగా ఉన్న మెడికల్ షాపుతో సహా పిన్ కోడ్ దాకా చెప్పారు. రాసుకునే క్లర్కు స్పెల్లింగ్ అడిగింది. నేను పక్కన నిలబడి ఒక్కో అక్షరం చెబుతుంటే, మైకు పక్కన మూడు నిమిషాల గడియారం పచ్చలైటుతో అప్పుడే పరుగు మొదలుపెట్టింది.

అధ్యక్షురాలికి అప్పుడు అనుమానం వచ్చింది. ఊరివాళ్ళు కాని వాళ్ళు మాట్లాడాలంటే కమిషన్ అనుమతి కావాలట. "వద్దులెండి, మేం కూర్చుంటాం" అన్నాను. ఎవరూ వినలేదు. ఒకాయన అప్పటికే ప్రతిపాదించేశాడు, ఇంకొకామె బలపరిచేసింది. తొమ్మిది మందిలో ఒకాయన ఆ రోజు జూమ్‌లో ఉన్నాడు. ఒక్కరు అలా ఉన్నా సరే, ప్రతి ఓటూ పేరుపేరునా పిలిచి వేయించాలని రాష్ట్రం నిబంధన. గడియారం ఆపారు. పిలుపు మొదలైంది. ఎనిమిది మందీ ఔనన్నారు. తొమ్మిదో ఆయన నుదురు ఒక్కటే తెర మీద కనిపిస్తోంది, అది కదులుతోంది, మాట రావడం లేదు.

"మీరు మ్యూట్‌లో ఉన్నారు," అంది అధ్యక్షురాలు. నుదురు ఊగింది. "మ్యూట్," అని హాలంతా అరిచింది. నుదురు మాయమై సీలింగు వచ్చింది. ఎనిమిది మంది చాలరా అని నేను క్లర్కుని మెల్లగా అడిగాను. చాలుతారట, కానీ ఆయన హాజరులో ఉన్నాడు కనక పిలిచిన పేరుకి జవాబు రావాలట.

ఈలోగా ఇంకో సభ్యుడికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. అనువాదం చేస్తే సమయం రెట్టింపు అవుతుంది కదా, అనువాదానికి పట్టే కాలాన్ని మూడు నిమిషాల్లో లెక్కించరాదని ఒక సవరణ. సవరణకి ముందు ఓటు వేయాలి. అంటే మళ్ళీ మొదటి పేరు నుంచి. మామగారు నా చెవిలో, "ఇదంతా నా గురించేనా?" అన్నారు.

"మీ గురించే."

"అయితే కానివ్వండి," అని చొక్కా సర్దుకున్నారు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన కోసం ఏ కౌన్సిలూ ఓటు వేసిన పాపాన పోలేదు.

సవరణ నెగ్గింది. అసలు తీర్మానం నెగ్గింది. సీలింగు కూడా చివరికి ఔనంది. పచ్చలైటు వెలిగింది.

"మాది 1866 నాటి మునిసిపాలిటీ," అని మొదలుపెట్టారు మామగారు. నేను అనువదించాను. ఊళ్ళకి మూడువందల ఏళ్ళుండే ప్రాంతంలో 1866కి ఎవరూ కదల్లేదు. "మా గుంటూరు కార్పొరేషన్‌కి 2010 నుంచి 2021 దాకా ఎన్నికైన కౌన్సిలే లేదు. స్పెషలాఫీసర్లే నడిపారు. కుళాయి వచ్చిన రోజు వచ్చింది, రాని రోజు రాలేదు. కౌన్సిలు ఉన్నప్పుడూ అంతే."

మా ఎదురింటాయన లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. చూశారా, ఊరిని నడపడానికి అనుభవమున్న అధికారి చాలని ఆయన భావం. అటువైపు టౌన్ మీటింగ్ కావాలనే ఆవిడ కూడా లేచి చప్పట్లు కొట్టింది. చూశారా, చేతిలో ఓటు లేకపోతే పదకొండేళ్ళు అడిగే దిక్కుండదని ఆవిడ భావం. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని ఇంకా గట్టిగా కొట్టారు. నేను ఇంత శ్రద్ధగా అనువదించినందుకు నాకు దక్కిన ఫలం, మామగారిది ఏ పక్షమో ఇప్పుడే చెప్పమని రెండు వైపులా నా మీదే కేకలు.

క్లర్కు పెన్ను ఆపి అడిగింది, అనుకూలమా, వ్యతిరేకమా?

నేను అడిగాను. మామగారు ఎర్రలైటు వైపు ఒకసారి చూసి, "ముందు జీవో కాపీ చూపించమనండి, ఆ తర్వాత మాట్లాడదాం," అన్నారు.

సంబంధిత ప్రభుత్వ ఉత్తర్వు కాపీ కావాలంటున్నారని చెప్పాను. అంతకంటే ఏం చెప్పను? అధ్యక్షురాలి ముఖం ఒక్కసారిగా గంభీరమైపోయింది. ప్రభుత్వ పత్రాలు అడిగిన వాళ్ళకి పది పనిదినాల్లో జవాబివ్వాలని ఇక్కడ చట్టం. "మీ అభ్యర్థన నమోదు చేసుకున్నాం," అంది, నా ఈమెయిల్ తీసుకుని.

ఈరోజు పొద్దున మెయిల్ వచ్చింది. 'జీవో' అనే పత్రం ఏ శాఖదో, ఏ సంవత్సరానిదో స్పష్టం చేస్తే వెతుకుతారట. ఎదురింటాయన మాత్రం మామగారి ఫొటో తన కరపత్రంలో వేసుకోవచ్చా అని మళ్ళీ తలుపు కొట్టాడు. మామగారు జవాబు డిక్టేట్ చేస్తున్నారు, మూడో పేజీలో ఉన్నాం. వచ్చే వారం ఉన్న తిరుగు టికెట్‌ని నెల తర్వాతకి మార్పించమన్నారు.