ఆ ఉక్కు గోళంలో ఇద్దరున్నారు

నెల రోజుల్లో ఏడోసారి వచ్చింది ఆ సందేశం. మొదట మా బావగారు పంపారు, నిన్న పాత సహోద్యోగి పంపాడు. అమెరికన్ ప్రకృతి శాస్త్రవేత్త విలియం బీబ్ గురించి అట. ‘చదువు లేని ఒక్క మగాడు తానే చేసుకున్న ఇనుప బంతిలో, ఒంటరిగా, సముద్రం అడుగు చూసి వచ్చాడు. వెంట తీసుకెళ్లిన అందగత్తెలు పైన కాలక్షేపం చేశారు. ఆయన చూసిన చేపల్ని మళ్లీ ఎవరూ చూడలేదు. నోరు విప్పితే చంపుతామన్నారు, పిచ్చెక్కి పోయాడు. ఆ రికార్డు నేటికీ చెక్కుచెదరలేదు.’ కింద ఒక జలరాక్షసుడి బొమ్మ.

చిన్నవి ముందు తేల్చేద్దాం. 1934 ఆగస్టు 15న అట్లాంటిక్‌లోని బెర్ముడా దగ్గర, పడవ నుంచి ఉక్కు తాడుతో దించిన గోళంలో బీబ్ దిగింది 3,028 అడుగులు, అంటే 923 మీటర్లు. సముద్రం అడుగు ఇంకా చాలా కిందే ఉంది. రికార్డు 1949లోనే పోయింది. పిచ్చెక్కిన మనిషి ఆ తర్వాత ట్రినిడాడ్‌లో ‘సిమ్లా’ అనే పరిశోధన కేంద్రం నెలకొల్పి, 1962లో 84వ ఏట అక్కడే కన్నుమూశారు. ఇక నోరు నొక్కడం సంగతి. 1932లో గోళం లోపలి నుంచి ఆయన మాటల్ని రేడియోలో ప్రసారం చేశారు. రహస్యం దాచే పద్ధతి బాగుంది!

చదువు లేదన్నది సగం నిజం. కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివారు, పట్టా తీసుకోలేదు.

ఒంటరిగానా? ఆ గోళం ఊహ ఓటిస్ బార్టన్ అనే ఇంజనీరుది, ఖర్చు బార్టన్‌ది. లోపల నాలుగున్నర అడుగుల వెడల్పులో బీబ్ మోకాళ్లకు తగులుతూ కూర్చున్నదీ బార్టనే. ఆ రేడియో ప్రసారం రోజు పడవ ఊగిసలాటకు పాపం లోపలే వాంతి చేసుకున్నారు. అంత దగ్గరున్న మనిషి కనబడలేదంటే ఏమనాలి? 1949లో రికార్డు బద్దలు కొట్టిందీ ఆయనే.

నాకు ఒళ్లు మండింది మాత్రం ‘అందగత్తెలు’ దగ్గర. బీబ్ బృందంలోని గ్లోరియా హోలిస్టర్ జంతుశాస్త్రవేత్త. చేప ఒంటిని గాజులా మార్చి, లోపలి ఎముకలకు రంగు పట్టించి చూపే పనిలో దిట్ట. బీబ్ కింద నుంచి చెప్పే ప్రతి మాటా ఫోను తీగలో వచ్చి చేరింది ఆమె చెవికి, అక్కడి నుంచి ఆమె నోటు పుస్తకంలోకి. ఆ పుస్తకం లేకపోతే ఈ సందేశం రాసినవారికి అబద్ధం అల్లడానికైనా ముడిసరుకు ఉండేది కాదు. ఆమె పైనే కూర్చోలేదు కూడా. అదే గోళంలో 1930లో 410 అడుగులు, 1934లో 1,208 అడుగులు దిగారు. 1,208 అడుగుల లోతున కాలక్షేపం! అదే బృందంలోని మరో జంతుశాస్త్రవేత్త జోస్లిన్ క్రేన్ కూడా దిగారు. ఒక చేయి మాత్రమే భారీగా పెరిగే చిన్న పీతల మీద ఆమె 1975లో తెచ్చిన గ్రంథం ఆ రంగంలోని వారందరికీ తెలుసు. చిత్రకారిణి ఎల్స్ బోస్టెల్మాన్ తలకు లోహపు టోపీ తగిలించుకుని నీటి అడుగున నిలబడి బొమ్మలు గీశారు. ఇలాంటి వెకిలి కూతలు ఆ రోజుల్లోనూ ఉన్నాయి. తొంభై ఏళ్లు గడిచినా కూత మారలేదు, చేరవేసే సాధనమే మారింది.

ఆ చేపల్ని మళ్లీ ఎవరూ చూడలేదన్న విషయంలో మాత్రం తప్పు నాదే. ‘అదీ కల్పనే’ అని బావగారితో వాదించాను. కాదు, నిజమే. కిటికీలోంచి చూసినంత మాత్రానే, చేతిలో నమూనా లేకుండానే, బీబ్ కొన్ని చేపలకు లాటిన్ పేర్లు పెట్టేశారు. ఆరడుగుల ‘బాతిస్ఫేరా ఇంటాక్టా’ ఇప్పటికీ ఎవరి వలకూ చిక్కలేదు. వాటిలో ఒకటి అసలు చేపే కాకపోవచ్చని, కిటికీ మీద ఊపిరి ఆవిరి పట్టి ఏ మెరిసే జెల్లీ ప్రాణి కాంతో చెదిరి కనిపించి ఉంటుందని కార్ల్ హబ్స్ అనే చేపల నిపుణుడు అప్పుడే ఎత్తిపొడిచారు. బీబ్‌ను ఎంత అభిమానించినా, ఆ పేర్లు పెట్టడం తొందరపాటే అంటాను.

ఆ ఇంటాక్టాను బోస్టెల్మాన్ ఆయన వర్ణన విని గీశారు. సందేశం కిందున్నది ఆ బొమ్మ కాదు. ఆమె గీసినదైతే కోరల కన్నా ముందు, ఒంటి పొడవునా వరుసగా వెలిగే దీపాలు కనిపించేవి.