38ఈ సీటు గారికి ఒక టైలరు ఉత్తరం

మహారాజశ్రీ 38ఈ సీటు గారికి, విజయనగరం గంటస్తంభం దగ్గర మిషను పెట్టుకున్న టైలరు రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం, నా ఎడమ భుజం తప్ప.

నన్ను గుర్తుపట్టారో లేదో. కిందటి వేసవిలో అమ్మాయి రెండో కాన్పుకని గల్ఫ్‌లో విమానం మారి డాలస్ వెళ్లాం. పదహారు గంటలు మీ ఒడిలోనే ఉన్నాను. మా ఆవిడకి మోకాళ్ల నొప్పులని నడవా పక్కనున్న 38డీ ఇచ్చి, నేను 38ఈ తీసుకున్నాను. మీ మీద నేను కూర్చున్నానో, నా మీద మీరు కూర్చున్నారో నాలుగో గంట తర్వాత తెలియలేదు.

నా జేబులో ఎప్పుడూ టేపుంటుంది. అలవాటు. హైదరాబాద్‌లో సెక్యూరిటీవాళ్లు చిన్న కత్తెర లాక్కుని టేపు వదిలేశారు. నన్నడిగితే కత్తెర ఇచ్చేసి టేపు తీసుకోవాల్సింది, గొడవ పెట్టేది అదే.

భోజనం ట్రేలు తీశాక మీకు కొలతలు తీశాను. మీ రెండు చేతుల మధ్య 17 అంగుళాలు. నా షోల్డరు 18న్నర. అదీ ఎముక నుంచి ఎముకకి; చేతులు ఇంకా బయటే ఉన్నాయి. కూర్చునే చోటికి 17 చాలునని మీ కటింగ్ మాస్టరు అనుకుని ఉంటాడు. నిజమే, ఆ భాగం ఎలాగో పట్టింది. కానీ మనిషి వెడల్పు నడుము దగ్గర ఉండదు, భుజాల దగ్గర ఉంటుంది. నా దగ్గర కాజాలు కుట్టే కుర్రాడికి కూడా ఈ సంగతి తెలుసు.

మిమ్మల్ని ఊరికే తిట్టడం న్యాయం కాదని, డాలస్‌లో అల్లుడిని కూచోబెట్టి అసలు సంగతి కనుక్కున్నాను. వరసకి పదిమందిని కూర్చోబెట్టే విమానాల్లో బాగా తిరిగేది బోయింగ్ 777 అట. దాని లోపలి వెడల్పు 231 అంగుళాలు. ఆ అంకె వినగానే నాకు చీర గుర్తొచ్చింది. ఆరు గజాల పైన పదిహేను అంగుళాలు, అంతే. అందులో రెండు నడవాలు పోవాలి, పదిమంది పట్టాలి. 1995లో ఆ విమానం సర్వీసులోకి వచ్చినప్పుడు చాలా కంపెనీలు వరసకి తొమ్మిదే సీట్లు వేశాయట. తర్వాత ఒక్కొక్కరూ పదికి వచ్చారు. ఎన్ని వేయాలో తేల్చేది విమానం కొనేవాళ్లే. గుడ్డ పన్నా, అదే వెడల్పు, మారలేదు. తొమ్మిది జాకెట్ల గుడ్డలో పది జాకెట్లు తీశారు.

ఆ పని నేనూ చేశాను, అబద్ధం ఎందుకు. కొత్తలో ఒక పెళ్లి ఆర్డరులో మిగిలిన గుడ్డతో ఇంకో జాకెట్టు తీద్దామని అన్నిటికీ అర అంగుళం తగ్గించాను. పెళ్లివారు మూట తెచ్చి బల్ల మీద పడేసి వెళ్లారు. గంటస్తంభం దగ్గరున్న టైలర్లందరూ చూశారు. మీ మాస్టరుకి అలా మూట తెచ్చి పడేసే బల్ల ఎక్కడుందో కాస్త చెబుతారా?

ఇంకో సంగతి విని నవ్వొచ్చింది. ఎయిర్‌బస్ ఎ350 గోడల్ని ఈమధ్య లోపలివైపు పలచగా చెక్కి, నాలుగు అంగుళాల చోటు తీశారట. కొత్తగా తయారవుతున్న 777ఎక్స్‌లో కూడా అంతే. మేం చేసే పనే అది. ఒళ్లు చేసినవాళ్లొస్తే కుట్టులో వదిలిన గుడ్డ విప్పి లూజు చేస్తాం. తేడా ఒక్కటే. మా దగ్గర విప్పిన లూజు తొడుక్కునేవాడికి పోతుంది. ఎ350లో వరసకి తొమ్మిదిమంది హాయిగా కూర్చుంటుంటే, అక్కడా పదోవాణ్ణి దించిన కంపెనీలున్నాయి.

ఇక నిడివి. మీ వీపు నుంచి ముందు సీటు వీపుకి 31 అంగుళాలు. దాన్ని పిచ్ అంటారని అల్లుడు చెప్పాడు. నాకు ముందు ఇంకోలా వినిపించింది. ఆ 31లోనే మీ వీపు మందం, నా తొడలు, మోకాళ్లు. కాలు చాపుదామంటే ముందు సీటు కింద ఇనప డబ్బా. అది టీవీదట. బొమ్మ చూడాలంటే కాలు ఇవ్వాలి.

మా పల్లెవెలుగు బస్సులో ముగ్గురి సీటులో నలుగురం కూర్చున్న రోజులున్నాయి. కానీ అక్కడ ‘కూసింత జరగండి బాబూ’ అనొచ్చు. అన్నాక ఎవరో ఒకరు జరుగుతారు, లేదా కొత్తవలసలో దిగుతారు. మీ దగ్గర జరగడానికి మధ్యలో ఇనప కమ్మీ, దిగడానికి కింద అట్లాంటిక్ సముద్రం. మా పైడితల్లమ్మ ఉత్సవంలో ఊరేగించే పొడవాటి సిరిమాను చివర పూజారి గారికి కూడా కుర్చీ వేస్తారు. అంత ఎత్తున ఊగుతుంటే అందరూ దండం పెడతారు గానీ, ఆయన పక్కన మోచెయ్యి తగిలించేవాడు లేడని ఇన్నాళ్లూ నేను గమనించలేదు.

గాలి గురించి ఎక్కువ రాయను, అది మీ శాఖ కాదు. లోపల గాలి ఎనిమిది వేల అడుగుల కొండ మీదున్నంత పలచగా ఉండొచ్చట. 787, ఎ350 లాంటి కొత్త వాటిలో ఆరు వేలకి దించారు, అది మాత్రం మెచ్చుకోవాలి. అయినా మందస నుంచి కనిపించే మహేంద్రగిరి ఐదు వేల అడుగులు లేదు. దానికంటే పైన, ఎండిన గాలిలో, మా ఆవిడ పెదాలు అప్పడాల్లా అయ్యాయి. ‘ఏటండీ, కూర్లో ఉప్పెయ్యలేదేటి’ అంది. ఉప్పు వేశారు. ఆ ఎత్తులో, ఆ పొడి గాలిలో నాలుకకి అందదు. ఆవకాయ సీసా చెకిన్ సామానులో ఉంది. అంతకంటే పెద్ద తప్పు మేం ఈ ప్రయాణంలో చెయ్యలేదు.

కొలతలకి చట్టమేమైనా ఉందా అని కూడా అడిగాను. అమెరికాలో 2017లో ఒక జడ్జిగారు తీర్పులోనే దీన్ని కుంచించుకుపోతున్న విమాన సీటు కేసు అన్నారట. 2018లో వాళ్ల కాంగ్రెస్, సీటు ఇంతకంటే చిన్నదిగా ఉండకూడదని ఒక కొలత తేల్చమని విమానయాన శాఖకి చెప్పింది. ఆపదొస్తే సగం తలుపులతోనే 90 సెకన్లలో అందరూ బయటపడాలన్నది నియమం. సరే, మనుషుల్ని కూర్చోబెట్టి పరీక్షించారు. ఆ మనుషుల్లో 60 దాటినవాళ్లు లేరు, అందరూ ఒంట్లో సత్తువున్నవాళ్లే. నాకు 63. మా ఆవిడ మోకాళ్ల గురించి పైనే రాశాను. ట్రయల్ ఇంకెవరికో వేసి చొక్కా మాకిచ్చారన్నమాట. 2022లో జనాన్ని అభిప్రాయాలు కూడా అడిగారు, వేలల్లో రాశారు. అది కూడా ఉత్తరమే కదా అని ధైర్యం తెచ్చుకుని నేనిది మీకే నేరుగా రాస్తున్నాను.

అసలు రాయడానికి కారణం నా పక్క 38ఎఫ్‌లో కూర్చున్న అబ్బాయి. టెక్కలి దగ్గరి కుర్రాడు. కొలవకుండానే చెప్పగలను, షోల్డరు 20, ఛాతీ 46. గుండె పొంగించి ఇనప గొలుసులు తెంచిన కోడి రామ్మూర్తి నాయుడు గారు మా వైపు మనిషే. ఇతనిదీ ఆ తీరు ఒళ్లే. పాపం గొలుసు తెంచలేదు. పైన లైటు తీద్దామని చెయ్యెత్తేసరికి చంక కింద కుట్టు పిగిలింది. ఆ చప్పుడు నాకు నిద్రలో కూడా తెలుస్తుంది.

‘సారీ బాబాయ్’ అన్నాడు. దేనికి సారీ? కుట్టుకా? కాదు, తన భుజం నా మీదకి వస్తోందట. అప్పటి నుంచి చేతులు రెండూ గుండెల మీద కట్టుకుని, హెడ్‌మాస్టరు గది ముందు నిలబెట్టిన పిల్లాడిలా కూర్చున్నాడు. నిద్రలో చెయ్యి జారితే ఉలిక్కిపడి లేచి మళ్లీ సారీ అంటాడు. డాలస్ వచ్చేసరికి ఎన్ని సారీలయ్యాయో లెక్కపెట్టలేదు.

నలభై ఏళ్లుగా కుడుతున్నాను. చొక్కా బిగుతైతే నన్ను తిట్టనివాడు లేడు. నా భుజాలు వెడల్పుగా ఉన్నాయి, క్షమించండి అని మాత్రం ఏ కస్టమరూ అనలేదు. అంటే ఆ రోజు షాపు మూసేసేవాణ్ణి. మీరు 17 అంగుళాలు కుట్టించుకుని, ఆ కుర్రాడి చేత సారీ చెప్పించారు. ఎలా చేయించగలిగారండీ?

మా ఊళ్లో ఇప్పుడందరి నోటా విమానాలే. భోగాపురం విమానాశ్రయం మాకు పాతిక కిలోమీటర్లు. పక్క శ్రీకాకుళం ఎంపీయే 2024 నుంచి పౌర విమానయాన మంత్రి. షాపుకొచ్చే ప్రతివాడూ రన్‌వే పొడవు 3,800 మీటర్లని నాకు చెప్పి వెళ్తాడు. మరి సీటు వెడల్పెంతరా అంటే నా వైపు వింతగా చూస్తారు. ఆ టేపు నా దగ్గరే ఉంది కాబట్టి నేనే చెబుతున్నాను.

దిగేముందు ఆ కుర్రాడి కొలతలు చీటీ మీద రాసుకున్నాను. పొందూరు ఖద్దరుతో చొక్కా కుట్టి వాళ్లింటికి పంపాను. చంక దగ్గర రెండంగుళాలు ఎక్కువే వదిలాను. డబ్బులు తీసుకోలేదు.

దసరా పనులయ్యాక మళ్లీ వెళ్లాలి. వచ్చేటప్పుడు అమ్మాయి, పిల్లలు కూడా వస్తారు. పెద్దమనవడికి ఐదేళ్లు. వాడికి మొన్న చొక్కా కుట్టాను, షోల్డరు 11. మా వంశంలో ప్రస్తుతానికి మీ సైజు వాడొక్కడే. అందుకని మీ మీద వాణ్ణే కూర్చోబెడతాను. కాళ్లు నేలకి అందవు, ముందు సీటుని తంతాడు. నేనేమీ అనను.

ఇట్లు,
మీ మీద కూర్చున్న టైలరు,
విజయనగరం